సానియా సింగిల్స్ వదిలేయడం దిగిరావడమేనా? మా అమ్మాయి కోసం అడుగుతున్నాను

మల్కాజ్‌గిరి_నాన్న | శనివారం, ఉదయం 6:50

సభ్యులందరికీ నమస్కారం. మా అమ్మాయికి పదమూడేళ్లు. ఏడో ఏట నుంచి టెన్నిస్ ఆడుతోంది. నాలుగు నెలలుగా కుడి మణికట్టు నొప్పి అంటోంది. రెండు రోజులు ఆపితే తగ్గుతుంది, మళ్లీ రాకెట్ పడితే మొదలవుతుంది. మొన్న కోచ్ గారు నన్ను పక్కకు పిలిచి, అమ్మాయికి రిటర్న్ బాగుందని, నెట్ దగ్గర బెదరదని, కోర్టంతా పరుగెత్తే సింగిల్స్ కంటే డబుల్స్ మీద ఎక్కువ దృష్టి పెడదామని అన్నారు. ఆయన మంచి మనసుతోనే చెప్పారని తెలుసు. అయినా ఆ మాట నా మనసులో ముల్లులా దిగింది. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి, చలిలో బండి మీద ముందు కూర్చోబెట్టుకుని ఇన్నేళ్లు తిప్పింది ఇందుకేనా అనిపించింది.

ఇంటికి వచ్చి చెబితే అమ్మాయి అడిగింది ఒక్కటే మాట: "సానియా కూడా అంతే కదా నాన్నా?" నా దగ్గర జవాబు లేదు. 2005లో సానియా మన హైదరాబాద్‌లో టైటిల్ గెలిచినప్పుడు నేను డిగ్రీ విద్యార్థిని, హాస్టల్ టీవీ ముందు నిలబడి చూశాను. తర్వాత డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయిందనీ తెలుసు. కానీ ఆ రెంటి మధ్య ఏం జరిగిందో, సింగిల్స్‌ను ఆమె ఇష్టపడి వదిలిందో, విధిలేక వదిలిందో నాకు తెలియదు. ఆ ఆటను దగ్గరగా చూసినవారు ఇక్కడ ఉన్నారు. దయచేసి చెప్పండి.

ఫతేమైదాన్_పాతకాపు | శనివారం, ఉదయం 8:15

నాన్నగారూ, నేను ఈ ఊరి కోర్టుల్లో నలభై ఏళ్లుగా ఆడుతున్నవాణ్ని, కాబట్టి నా అభిప్రాయం దాచకుండా చెబుతాను. సానియా జీవితంలో అన్నింటికంటే పెద్ద ఘనత ఆరు గ్రాండ్‌స్లామ్ ట్రోఫీలు కాదు. 2007 ఆగస్టులో సింగిల్స్‌లో ఆమె అందుకున్న 27వ ర్యాంకు.

ఎందుకంటారా? ఆ అమ్మాయి ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. చిన్నప్పుడు ఇక్కడ పేడ అలికిన కోర్టుల మీద ఆడానని ఆమే చెప్పింది. ఆ కోర్టులు నాకు బాగా తెలుసు. ఉదయం నీళ్లు చల్లి, రోలర్ లాగి, సున్నంతో గీతలు వేసి సిద్ధం చేస్తే, పది గంటలయ్యేసరికి ఎండకు పెచ్చులు లేచేవి. బంతి ఒకసారి మోకాలి దగ్గరే ఆగేది, ఇంకోసారి చెవి పక్కనుంచి దూసుకుపోయేది. మాతో కొట్టడానికి క్లబ్బు మార్కర్లు, అంటే జీతానికి సభ్యులతో ఆడేవారు, తప్ప ఇంకెవరూ ఉండేవారు కాదు. అలాంటి చోటు నుంచి వచ్చిన పిల్ల 2005 జనవరిలో వైల్డ్‌కార్డుతో, అంటే నిర్వాహకులు ఇచ్చే ప్రత్యేక ప్రవేశంతో, ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో అడుగుపెట్టి మూడో రౌండ్ దాకా వెళ్లింది. గ్రాండ్‌స్లామ్ సింగిల్స్‌లో అంతవరకు వెళ్లిన భారతీయ మహిళ అంతకుముందు లేదు. అక్కడ సెరెనా విలియమ్స్ 6-1, 6-4తో గెలిచింది, నిజమే. కానీ ఆ రెండో సెట్ చూసినవారు దాన్ని ఓటమిగా గుర్తుపెట్టుకోలేదు.

సరిగ్గా నెల తిరగకముందే, ఫిబ్రవరి 12న, మన శాప్ టెన్నిస్ కాంప్లెక్స్‌లో హైదరాబాద్ ఓపెన్ ఫైనల్ జరిగింది. నేను ఆ రోజు మెట్ల మీద కూర్చుని చూశాను. ఉక్రెయిన్ అమ్మాయి అల్యోనా బొండారెంకో మీద 6-4, 5-7, 6-3తో గెలిచింది. మహిళల ప్రొఫెషనల్ టూర్ అయిన డబ్ల్యూటీఏలో సింగిల్స్ టైటిల్ గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమె. రెండో సెట్ చేజారినప్పుడు స్టేడియంలో వినిపించిన నిశ్శబ్దం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ నిశ్శబ్దంలోంచి లేచి మూడో సెట్‌లో ఆ ఫోర్‌హ్యాండ్ కొట్టింది. మరుసటి నెల దుబాయ్‌లో అప్పటి యూఎస్ ఓపెన్ విజేత కుజ్నెత్సోవాను వరుస సెట్లలో ఓడించింది. ఆ ఏడాదే యూఎస్ ఓపెన్‌లో నాలుగో రౌండ్ చేరింది. అప్పుడు ఆమె వయసు పద్దెనిమిది.

సింగిల్స్‌లో ప్రపంచంలోని ప్రతి దేశపు మొదటి శ్రేణి క్రీడాకారిణి పోటీలో ఉంటుంది. డబుల్స్‌లో వారిలో చాలామంది ఆడరు. అందుకే 27 నాకు గొప్పగా కనిపిస్తుంది. గాయపడ్డ మణికట్టు సహకరించి ఉంటే ఆమె సింగిల్స్ వదిలేది కాదని నా నమ్మకం. మీ ప్రశ్నకు నా జవాబు: విధిలేక వదిలింది.

డ్యూస్_కోర్ట్ | శనివారం, మధ్యాహ్నం 1:40

పెద్దవారు ఫతేమైదాన్ గారి మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. ఆయన చెప్పిన వాస్తవాల్లో ఒక్కటీ తప్పు లేదు. కానీ ఆయన కథను 2005 నుంచి మొదలుపెట్టారు. రెండు మూడేళ్లు వెనక్కి వెళ్లండి.

2002 బుసాన్ ఆసియా క్రీడల్లో లియాండర్ పేస్‌తో కలిసి మిక్స్‌డ్ డబుల్స్‌లో కాంస్యం గెలిచింది. 2003లో వింబుల్డన్ బాలికల టైటిల్ గెలిచింది, అదీ డబుల్సే, అలీసా క్లెబనోవాతో కలిసి. 2004 ఫిబ్రవరిలో ఇదే హైదరాబాద్ ఓపెన్‌లో లీజెల్ హ్యూబర్‌తో కలిసి డబుల్స్ టైటిల్ గెలిచింది. అంటే పెద్దల టూర్‌లో ఆమె మొదటి టైటిల్ డబుల్స్‌లో వచ్చింది, మన ఊళ్లోనే వచ్చింది, సింగిల్స్ టైటిల్‌కు ఏడాది ముందే వచ్చింది. 2005 వెలుగులో ఆ సంగతి మనందరం మరిచిపోయాం. ఆమెలోని డబుల్స్ క్రీడాకారిణి గాయం తర్వాత పుట్టలేదు, మొదటి నుంచీ ఉంది.

ఇక ఆట సంగతి. సానియా బలం ఫోర్‌హ్యాండ్, రిటర్న్. బలహీనతలు సర్వీస్, కదలిక. సింగిల్స్‌లో 27 అడుగుల వెడల్పు కోర్టును ఒక్కరే కాయాలి, కాబట్టి ప్రత్యర్థులు ఆమెను పక్కలకు పరుగెత్తించి ఆ ఫోర్‌హ్యాండ్ పూర్తిగా విప్పే సమయం ఇచ్చేవారు కాదు. డబుల్స్ కోర్టు 36 అడుగులు, అయినా ఇద్దరు పంచుకుంటారు. కుడి వైపు, అంటే డ్యూస్ కోర్టులో ఆమె నిలబడితే, ఆ వైపు వెడల్పుగా వచ్చే సర్వీసులన్నీ నేరుగా ఆమె ఫోర్‌హ్యాండ్‌కే వస్తాయి. ఎడమ వైపు ఆమె జోడీ మార్టినా హింగిస్ బ్యాక్‌హ్యాండ్, నెట్ దగ్గర హింగిస్ చేతులు. ఆ ఇద్దరిలో ఎవరికి లేనిది రెండోవారి దగ్గర ఉంది. 2015లో కలిసి ఆడిన మొదటి మూడు టోర్నీలు, ఇండియన్ వెల్స్, మయామీ, చార్ల్‌స్టన్, మూడూ గెలిచారు. చార్ల్‌స్టన్ గెలవగానే ఏప్రిల్ 13న సానియా డబుల్స్ నంబర్ వన్ అయింది. ఆ స్థానంలో మొత్తం 91 వారాలు ఉంది.

ఫతేమైదాన్ గారు 2005 ఫైనల్ చెప్పారు కాబట్టి నేను 2015 వింబుల్డన్ ఫైనల్ చెబుతాను. ప్రత్యర్థులు మకరోవా, వెస్నినా. మొదటి సెట్ 5-7తో పోయింది. రెండోది టైబ్రేక్‌లో దక్కింది. మూడో సెట్‌లో 2-5తో వెనుకబడ్డారు. అక్కడి నుంచి 5-5 చేశారు. అప్పటికి చీకటి పడటంతో ఆట ఆపి సెంటర్ కోర్టు పైకప్పు మూసి దీపాలు వేశారు. తిరిగి వచ్చి 7-5తో ముగించారు. పైకప్పు మూసే ఆ కొద్ది నిమిషాల్లో అవతలి జోడీ ఊపిరి తీసుకుని తేరుకోవచ్చు, ఇవతలి జోడీ ఊపు పోగొట్టుకోవచ్చు. అయినా వీరిద్దరూ వదిలిపెట్టలేదు. సానియాకు మహిళల డబుల్స్‌లో అది తొలి గ్రాండ్‌స్లామ్. తర్వాత అదే ఏడాది యూఎస్ ఓపెన్, 2016 ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచారు. వరుసగా 41 మ్యాచ్‌లు ఓడకుండా ఆడి, 2016 ఫిబ్రవరిలో దోహాలో ఆగారు. ఇది రెండో తరగతి ఆట అని నేనెలా ఒప్పుకోను?

ఫిజియో_కొత్తపేట | శనివారం, సాయంత్రం 5:05

నాన్నగారూ, ఇద్దరు మిత్రుల చర్చ ఆసక్తిగా ఉంది. కానీ మీ పోస్టులో నన్ను ఆపింది నాలుగు నెలల నొప్పి అన్న మాట. ముందు దాని గురించి రాస్తాను.

పదమూడేళ్ల వయసులో ముంజేతి ఎముకల చివర పెరుగుదల పొర ఇంకా మూసుకోదు. చుట్టూ ఉన్న స్నాయువుల కంటే ఆ పొర బలహీనం. పెద్దవారికి స్నాయువు వాపుతో పోయేది, పిల్లలకు ఆ పొర మీద ఒత్తిడిగా మారవచ్చు. అందువల్ల విశ్రాంతితో తగ్గి, రాకెట్ పట్టగానే తిరిగి వచ్చే నొప్పిని "అలవాటవుతుంది" అని సర్దుకోకండి. ఈ వారంలోనే ఎముకల డాక్టర్‌కు చూపించండి, అవసరమైతే ఎంఆర్‌ఐ తీయించండి. నొప్పి మణికట్టులో చిటికెనవేలి వైపు ఉందా, బొటనవేలి వైపు ఉందా అన్నది అమ్మాయినే వేలు పెట్టి చూపించమనండి. గట్టింగ్, అంటే రాకెట్ తీగలు, ఏవి వాడుతున్నారో కూడా చూడండి. టీవీలో చూసి పిల్లలకు కూడా గట్టి పాలియెస్టర్ గట్టింగ్ 55 పౌండ్లకు బిగించి ఇస్తున్నారు. ఆ దెబ్బ అంతా మణికట్టు మీదికే వస్తుంది. మెత్తటి మల్టీఫిలమెంట్‌కు మార్చి నాలుగైదు పౌండ్లు తగ్గించడం పెద్ద ఖర్చు లేని పని.

సానియా విషయంలో కూడా నేను చూసేది మణికట్టునే. 2008లో ఆమెకు మణికట్టు శస్త్రచికిత్స జరిగింది. ఆ ఏడాది బీజింగ్ ఒలింపిక్స్‌లో తొలి రౌండ్ మధ్యలోనే నొప్పితో తప్పుకుంది. ఆ తర్వాత నెలల తరబడి కుంగిపోయానని, కారణం లేకుండా ఏడ్చేదాన్నని ఆమే చెప్పుకుంది. అప్పటికి వయసు ఇరవై ఒకటి. ఆ సమయంలో ఆమె గురించి మనం మాట్లాడుకున్నది ఫామ్ పోయిందని, శ్రద్ధ తగ్గిందని. లోపల ఒక అమ్మాయి తన కుడి చెయ్యి తిరిగి పనిచేస్తుందో లేదో తెలియక గదిలో కూర్చుని ఉందని మనకు తట్టలేదు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు బాధగా ఉంటుంది.

అక్కడి నుంచి అయిదు నెలలు తిరిగేసరికి, 2009 జనవరిలో, మహేశ్ భూపతితో కలిసి ఆస్ట్రేలియన్ ఓపెన్ మిక్స్‌డ్ గెలిచింది. పెద్దల గ్రాండ్‌స్లామ్ టైటిల్ గెలిచిన తొలి భారతీయ మహిళ అయింది. సింగిల్స్ ఆ తర్వాత కూడా కొన్నేళ్లు ఆడింది. మణికట్టుతో పాటు మోకాళ్లు కూడా మొరాయించాక, 2013 నాటికి పూర్తిగా ఆపింది. ఇష్టంగానా, విధిలేకనా అని మీరు అడిగారు. శరీరం ఒక దారి మూసింది, ఏ దారిలో వెళ్లాలో మాత్రం ఆమే ఎంచుకుంది. ఆ దారిలో మరో పదేళ్లు ఆడింది.

నిర్వాహకుడు | శనివారం, రాత్రి 9:30

సానియా వివాహ జీవితం గురించి రాసిన రెండు పోస్టులను తొలగించాను. ఈ చర్చ ఆమె ఆట గురించి, ఆ తర్వాతి వృత్తి జీవితం గురించి. దయచేసి అంతవరకే ఉంచండి.

సైనిక్‌పురి_అమ్మ | ఆదివారం, ఉదయం 10:20

నిర్వాహకులకు ధన్యవాదాలు. ఇద్దరు పిల్లల తల్లిగా, ఇప్పటికీ వారానికి మూడు రోజులు ఆడే మనిషిగా, ఎవరూ ముట్టుకోని భాగం నేను రాస్తాను.

2018 అక్టోబరు 30న ఆమెకు కొడుకు పుట్టాడు. 2020 జనవరిలో హోబార్ట్‌లో తిరిగి బరిలోకి దిగింది. మధ్యలో బరువు 89 కిలోల నుంచి 63 కిలోలకు తగ్గింది. ఆ రెండు ఫొటోలనూ ఆమే పక్కపక్కన పెట్టి చూపింది. చాలామంది ఆ ఫొటోల్లో సన్నబడటమే చూశారు. నేను చూసింది వేరు. కాన్పు తర్వాత పొత్తికడుపు కండరాలు, నడుము, కటి భాగం తిరిగి బిగుసుకునేదాకా సర్వీస్ వేయడం ఎంత కష్టమో నాకు తెలుసు. బంతి పైకి విసిరి వెన్ను వంచగానే ఒళ్లంతా విడిపోతున్నట్లు ఉంటుంది. మొదటి కాన్పు అయ్యాక నేను ఎనిమిది నెలలు రాకెట్ ముట్టుకోలేదు. ముట్టుకున్న రోజు పది సర్వీసుల్లో రెండే నెట్ దాటాయి. ఇంట్లో పెద్దవాళ్లు "ఇంకా ఎందుకమ్మా ఆ ఆట" అన్నారు. ఆ వారంలోనే హోబార్ట్ వార్త వచ్చింది. నదియా కిచెనోక్‌తో కలిసి తిరిగి వచ్చిన మొదటి టోర్నీలోనే టైటిల్ గెలిచింది. ఆ పేపర్ కత్తిరించి మా అత్తగారికి చూపించాను. ఆమె మరేమీ అనలేదు, మరుసటి ఉదయం పాపను తానే ఎత్తుకున్నారు.

ఇంకో సంగతి. తల్లులైన క్రీడాకారిణులు తమ పాత ర్యాంకును కాపాడుకుని తిరిగి వచ్చేలా డబ్ల్యూటీఏ 2019 నుంచి నిబంధనలను మెరుగుపరిచింది.  2020 మార్చిలో భారత జట్టు, మహిళల జట్ల ప్రపంచ పోటీ అయిన ఫెడ్ కప్‌లో, ప్లేఆఫ్స్‌కు తొలిసారి అర్హత సాధించినప్పుడు ఆమె ఆడింది, కొడుకు పక్కనే ఉన్నాడు. ఆ తర్వాత ఫెడ్ కప్ హార్ట్ పురస్కారం అందుకున్న తొలి భారతీయురాలు అయింది. 2021లో ఓస్ట్రావాలో జాంగ్ షువాయ్‌తో గెలిచింది ఆమె 43వ డబుల్స్ టైటిల్. అదే చివరిదీ అయింది. ముప్ఫై నాలుగేళ్ల వయసులో, తల్లి అయ్యాక. సింగిల్స్ ఆడుతూ ఉండి ఉంటే ఆ మోకాళ్లు అప్పటిదాకా నిలిచేవా అని డాక్టర్ కాని నాకు కూడా అనిపిస్తుంది.

ఫతేమైదాన్_పాతకాపు | ఆదివారం, మధ్యాహ్నం 12:05

డ్యూస్ కోర్ట్ గారు నన్ను సరిదిద్దారు. 2004 డబుల్స్ టైటిల్ సంగతి నేను నిజంగా మరిచాను, ఆ ఫైనల్ నాడు కూడా అదే కాంప్లెక్స్‌లో ఉండి మరిచాను. కాబట్టి "విధిలేక" అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. 27 గురించి మాత్రం తీసుకోను.

దానికి కారణం ఉంది. ఆమె తర్వాత మన దేశం నుంచి సింగిల్స్‌లో మొదటి వందలోకి వెళ్లిన అమ్మాయి ఇంతవరకు లేదు. ఇదే ఊళ్లో బ్యాడ్మింటన్ చూడండి. గచ్చిబౌలిలో గోపీచంద్ అకాడమీ ఒక్కటి సైనాను, సింధును ఒలింపిక్ పతకాల దాకా తీసుకెళ్లింది. ఇక్కడే ఉండి, ఇక్కడే ప్రపంచ స్థాయి ఆటగాళ్లతో రోజూ సాధన చేసే వీలు ఆ ఆటలో కుదిరింది. టెన్నిస్‌లో ర్యాంకు పాయింట్లు కావాలంటే ఏడాదికి ఇరవై అయిదు వారాలు విమానాల్లో తిరగాలి, హోటల్, కోచ్, గట్టింగ్, అన్నీ సొంత ఖర్చు. సానియాకు ఆమె తండ్రే తోడుండి తిరిగారు, ఆయనే నేర్పారు. ఒక కుటుంబం అంతా పూనుకుంటేనే అయింది అది. సహజ యమలపల్లి, శ్రీవల్లి భమిడిపాటి వంటి మన తెలుగు అమ్మాయిలు ఈరోజు ఆ దారిలోనే నడుస్తున్నారు, వారి పేర్లు పేపర్‌లో చివరి పేజీ మూలన కనిపించినప్పుడల్లా నేను ఆగి చదువుతాను. ఆ దారి ఎంత నిటారుగా ఉందో మీకు తెలియాలనే 27 అని పదేపదే అంటున్నాను.

మారేడ్‌పల్లి_మెట్లు | ఆదివారం, రాత్రి 8:45

నేను ఆడను, చూస్తాను. 2023 మార్చి 5న ఎల్బీ స్టేడియంలో ఆమె వీడ్కోలు మ్యాచ్‌కు మా చెల్లెలితో కలిసి వెళ్లాను. రోహన్ బోపన్న, బెథనీ మాటెక్-శాండ్స్ లాంటివారు ఆమె కోసం వచ్చి ఆడారు. ఆట సరదాగానే సాగింది. కానీ చివరన ఆమె మైక్ పట్టుకున్నప్పుడు నా ముందు వరుసలో కూర్చున్న ఒక ముసలాయన టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నారు. మా చెల్లెలు నా చెయ్యి పట్టుకుంది.

దానికి అయిదు వారాల ముందు మెల్‌బోర్న్‌లో చివరి గ్రాండ్‌స్లామ్ ఆడింది. బోపన్నతో మిక్స్‌డ్ ఫైనల్ చేరి బ్రెజిల్ జోడీ స్టెఫానీ, మాటోస్ చేతిలో ఓడిపోయింది. 2005లో పద్దెనిమిదేళ్ల వయసులో సెరెనాతో ఇక్కడే ఆడానని, తనకు పద్నాలుగేళ్లప్పుడు మొదటి మిక్స్‌డ్ జోడీ రోహనేనని చెబుతూ కన్నీళ్లు పెట్టుకుంది. కొడుకు ఎదురుగా కూర్చుని చూస్తున్నాడు. ఫిబ్రవరిలో దుబాయ్‌లో మాడిసన్ కీస్‌తో ఆడిన తొలి రౌండ్ ఓటమితో టూర్ ముగిసింది.

ఆ తర్వాత ఆమె ఆటకు దూరం కాలేదు. మహిళల ప్రీమియర్ లీగ్ మొదటి సీజన్‌లో బెంగళూరు క్రికెట్ జట్టుకు మార్గదర్శిగా ఉంది. క్రికెట్ తెలియని మనిషి ఏం చెబుతుందని కొందరు అన్నారు, కానీ ఒక్కసారిగా డబ్బూ కెమెరాలూ మీద పడిన ఇరవై ఏళ్ల అమ్మాయిలకు ఆ ఒత్తిడి ఎలా ఉంటుందో చెప్పడానికి ఈ దేశంలో ఆమె కంటే తగినవారు ఎవరున్నారు? టీవీలో విశ్లేషణ చేస్తోంది. మొయినాబాద్ వైపు ముర్తుజాగూడలో 2013 నుంచి ఆమె అకాడమీ నడుస్తోంది. ఒకసారి అటు వెళ్తూ ఆగాను. ఎండలో ఎనిమిదేళ్ల పిల్లలు బుట్టలోంచి బంతులు తీసి వరుసగా సర్వీసులు వేస్తున్నారు. పేడ అలికిన నేల కాదు, సమంగా ఉన్న గట్టి కోర్టు.

మల్కాజ్‌గిరి_నాన్న | శుక్రవారం, రాత్రి 9:15

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఫిజియో గారి మాట విని మంగళవారమే డాక్టర్ దగ్గరికి వెళ్లాం. ఎంఆర్‌ఐ తీశారు. ముంజేతి ఎముక చివర పెరుగుదల పొర మీద ఒత్తిడి ఉందని, ఇంకా దెబ్బతినలేదని అన్నారు. ఆరు వారాలు రాకెట్ పట్టకూడదు. ఇంకో రెండు నెలలు ఆలస్యం చేసి ఉంటే సంగతి వేరుగా ఉండేదని ఆయన చెబుతుంటే నా కాళ్లు వణికాయి. నొప్పి అంటున్న పిల్లను టోర్నమెంట్ ఉందని రెండుసార్లు ఆడించింది నేనే.

నిన్న సాయంత్రం ఆ పాత వింబుల్డన్ ఫైనల్‌ను ఇద్దరం కలిసి చూశాం. 2-5 దగ్గర నేను లేచి నీళ్లకు వెళ్లబోతే అమ్మాయి కూర్చోమంది. ఆట అయ్యాక సానియా ఎటు నిలబడిందో, ఎందుకు నిలబడిందో నాకు బల్ల మీద రెండు గ్లాసులు పెట్టి చూపించింది. డ్యూస్ కోర్ట్ గారు రాసినదే దాదాపు, నేను ఆమెకు చదివి వినిపించకముందే.

కోచ్ గారికి ఈ ఉదయం ఫోన్ చేశాను. ఆరు వారాల తర్వాత సింగిల్స్, డబుల్స్ రెండూ ఆడుతుంది, ఏది ఎంత అన్నది ఆమెనే అడగమన్నాను. ఫిజియో గారూ, ఆ మల్టీఫిలమెంట్ గట్టింగ్ ఎన్ని పౌండ్లకు వేయించాలో ఒక్కసారి చెప్పండి. ఇప్పుడు 54 ఉంది.